"అల్పవిశ్వాసీ" అని ప్రభువు ఎవరితో అన్నాడు?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మూడేళ్ల క్రితం బాప్తిస్మం తీసుకున్నావు. ఏడాదిన్నరగా మీ అమ్మగారికి డయాలసిస్ జరుగుతోంది. ఉపవాసాలున్నావు, రాత్రంతా మోకరించావు, అయినా తగ్గలేదు. నీతోపాటే బాప్తిస్మం తీసుకున్న స్నేహితుడి తల్లికి మాత్రం కడుపులో గడ్డ కరిగిపోయిందని సంఘంలో సాక్ష్యం చెప్పారు. ఆ ఆదివారమే ఒక పెద్దమనిషి నీ భుజం మీద చెయ్యి వేసి, "నీకు విశ్వాసం చాలడం లేదు" అన్నాడు. శిష్యుడంటే అసలు ఎవరు, ఇలాంటప్పుడు దేవుణ్ణి నమ్మడం ఎలా అని అడిగావు.

వయసులో పెద్దవాణ్ని కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోవద్దు. ముప్పై ఏళ్లకు పైగా మా సంఘంలో శనివారం సాయంత్రాలు బైబిలు తరగతి చెబుతున్నాను. నీతో అన్న మాటే నాతోనూ ఒకరు అన్నారు. 1998లో మా తమ్ముడు కామెర్లు ముదిరి చనిపోయాడు. పదకొండు రోజులు సంఘమంతా వంతులవారీగా ప్రార్థన చేసింది. సమాధి మీద మట్టి వేసి చేతులు కడుక్కుంటుంటే ఒకాయన నా పక్కన నిలబడి, "ఎక్కడో అవిశ్వాసం ఉండి ఉంటుంది" అన్నాడు. ఆ తరువాత దాదాపు ఏడాది పాటు నేను బైబిలు తెరిచింది తరగతి చెప్పడానికే. నాకోసం తెరవలేకపోయాను. అందుకే నీ ప్రశ్నకు రెండు వాక్యాల్లో జవాబు రాసి ఊరుకోవడం నావల్ల కావడం లేదు.

మొదట ఆ మాట సంగతి చూద్దాం. "అల్పవిశ్వాసులారా" అన్న పిలుపు మత్తయి సువార్తలో నాలుగుచోట్ల వస్తుంది: 6:30, 8:26, 14:31, 16:8. ఆ నాలుగు చోట్లా ప్రభువు ఎవరితో మాట్లాడుతున్నాడో వేలు పెట్టి చూడు. కొండమీద తన దగ్గరకు వచ్చి కూర్చున్న శిష్యులతో. తుపానులో తనతోపాటు పడవలో ఉన్న శిష్యులతో. నీళ్లలో మునిగిపోతున్న పేతురుతో. రొట్టెలు తేవడం మరిచి కంగారుపడుతున్న శిష్యులతో. ఇదే సువార్తలో "గొప్ప విశ్వాసం" అని మెప్పు పొందినవారు ఇద్దరే, ఒకడు రోమా శతాధిపతి, మరొకరు కనాను స్త్రీ. ఇద్దరూ బయటివారు. ఇల్లూ వలలూ విడిచి ఆయన వెంట తిరిగినవారికి మాత్రం అల్పవిశ్వాసులనే పేరు వచ్చింది. ఆ పేరు పెట్టి ఆయన వారిలో ఒక్కరినీ పంపివేయలేదు. అది ఇంట్లోవాళ్లను పిలిచే పిలుపు. నీ భుజం మీద చెయ్యి వేసిన పెద్దమనిషి దాన్ని నిన్ను గుమ్మం బయట నిలబెట్టే మాటగా వాడాడు. అక్కడే తప్పు జరిగింది.

ఇప్పుడు మత్తయి 14వ అధ్యాయంలోని ఆ రాత్రి దగ్గర కాసేపు కూర్చుందాం. నా ఏడాది చీకటిలోంచి నన్ను బయటికి తెచ్చింది ఈ భాగమే.

ఐదువేలమంది పురుషులు, వారిగాక స్త్రీలు, పిల్లలు రొట్టెలు తిన్న సాయంత్రం అది. 22వ వచనంలో ఒక మాట మనం చదివీ చదవనట్టు దాటిపోతాం. శిష్యులు దోనె ఎక్కి తనకంటె ముందు అద్దరికి వెళ్లవలెనని ఆయన వారిని "బలవంతము చేసెను." అంటే వాళ్లు తమంతట తాము బయలుదేరలేదు. ఎదురుగాలిలో చిక్కుకున్నది మాట వినకపోవడం వల్ల కాదు, విన్నందువల్ల. కష్టం వస్తే ఎక్కడ తప్పు చేశామా అని వెతుక్కునే అలవాటు మనకు ఎంత బలంగా ఉందో నీకు తెలుసు. ఈ పడవలో ఆ వెతుకులాటకు చోటు లేదు.

గలిలయ సముద్రమంటారు గాని అది మంచినీటి సరస్సు. సుమారు 21 కిలోమీటర్ల పొడవు, 13 కిలోమీటర్ల వెడల్పు. సముద్ర మట్టానికి రెండు వందల మీటర్లకు పైగా దిగువన, కొండల నడుమ గిన్నెలా ఉంటుంది. కొండల మీది చల్లగాలి ఉన్నట్టుండి దిగివస్తే నీళ్లు లేచిపోతాయి. 1986లో కరువు వచ్చి సరస్సు తగ్గినప్పుడు ఒడ్డు బురదలో యేసు కాలంనాటి చేపల పడవ ఒకటి బయటపడింది. దాని పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు, వెడల్పు రెండున్నర మీటర్లకు లోపే. కోస్తా జిల్లాల్లో పుట్టినవాడివైతే అలాంటి పడవ ఎదురుగాలిలో ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను ఆ నీళ్ల మీదే బతికినవాళ్లు. వాళ్ల చేతులకే తెడ్డు లొంగలేదు.

మార్కు 6:48 దీనికి ఇంకో సంగతి చేర్చాడు. వారు దోనె నడిపించడంలో కష్టపడటం ఆయన చూశాడు. సాయంకాలమే దోనె సముద్రం మధ్యలో ఉంది, ఆయన ఒంటరిగా మెట్టమీద ఉన్నాడు. వారి దగ్గరకు వచ్చింది ఎప్పుడు? రాత్రి నాలుగవ జామున, అంటే మూడు గంటలు దాటాక, తెల్లవారబోయే ముందు. చూసిన వేళకూ వచ్చిన వేళకూ మధ్య ఇన్ని గంటలు ఎందుకు గడిచాయో సువార్త చెప్పదు. నేనూ చెప్పను. చెప్పబోయే ప్రతి ప్రసంగీకుడి దగ్గరా నాకు మనసు బరువెక్కుతుంది. కాని ఆ గంటలన్నీ ఆయన చూపులోనే గడిచాయని మార్కు రాశాడు. మా తమ్ముడి పదకొండు రోజుల గురించి నాకు ఇంతకు మించిన వివరణ ఈనాటికీ దొరకలేదు. చూడనందువల్ల ఆలస్యం చేశాడని అనుకోవడం మాత్రం ఆ వచనం దగ్గర మానేశాను.

తరువాత పేతురు పడవ దిగి నీళ్లమీద నడిచాడు, గాలి చూసి భయపడి మునగసాగాడు, "ప్రభువా, నన్ను రక్షించుము" అని కేక వేశాడు. వెంటనే యేసు చెయ్యి చాపి పట్టుకున్నాడు. "అల్పవిశ్వాసీ, యెందుకు సందేహపడితివి" అన్నది ఆ తరువాత. ముందు చెయ్యి, తరువాత మాట. మందలింపు వింటున్నప్పటికే పేతురు మునగడం ఆగిపోయింది. నీకు ముందు మాట పడింది, చెయ్యి రాలేదు. అది ప్రభువు వరుస కాదు.

"మరి మత్తయి 13:58 సంగతేమిటి? వారి అవిశ్వాసాన్నిబట్టి ఆయన నజరేతులో ఎక్కువ అద్భుతాలు చేయలేదుగా" అని నీకు ఎవరైనా చూపించవచ్చు, ఇప్పటికే చూపించి ఉండవచ్చు. పై వచనాలు చదువు. నజరేతువారు వడ్లవాని కుమారుడు కాడా అని తీసిపారేసి ఆయన విషయమై అభ్యంతరపడ్డారు. కన్నీళ్లతో ఆయన కాళ్లు పట్టుకుని అడిగినవారికి ఆ వచనం తగిలించకూడదు. అలా అడిగినవారి కథ మార్కు 9లో ఉంది. కొడుకును తెచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు. సగం నమ్మకం, సగం అపనమ్మకం ఒకే ఊపిరిలో చెప్పాడు. ఆ పిల్లవాడు బాగుపడ్డాడు.

యాకోబు పత్రిక 5వ అధ్యాయం కూడా తెస్తారు. అక్కడ రోగి చేయవలసిన పని సంఘపు పెద్దలను పిలిపించడం. విశ్వాససహితమైన ప్రార్థన చేయవలసినవారు ఆ పెద్దలు. ఆ బరువు తీసుకెళ్లి మంచం మీద ఉన్నవాళ్ల మీద, వాళ్ల పిల్లల మీద పెట్టడం న్యాయం కాదు.

ఇక అపొస్తలుల కార్యములు 12. ఇది నీ స్నేహితుడి సాక్ష్యం విన్న ఆదివారానికి సంబంధించిన అధ్యాయం. హేరోదు రాజు యోహాను సహోదరుడైన యాకోబును ఖడ్గంతో చంపించాడు. దానికి ఒక్క వచనమే ఉంది. ఆ వెంటనే పేతురును చెరసాలలో వేయించాడు. సంఘం అతని కోసం అత్యాసక్తితో ప్రార్థించింది, దూత వచ్చి సంకెళ్లు ఊడదీసి బయటికి తీసుకొచ్చాడు. ఒకే అధ్యాయం, ఒకే రాజు, ఒకే సంఘం. యాకోబు కోసం ప్రార్థించలేదని ఎవరనగలరు? అతనూ పన్నెండుమందిలో ఒకడు, రూపాంతరపు కొండ ఎక్కిన ముగ్గురిలో ఒకడు. పేతురు విడుదలకు ఆ సంఘపు విశ్వాసమే కారణమని అందామా అంటే, పేతురు వచ్చి తలుపు తడితే, వచ్చింది పేతురేనని చెప్పిన రొదే అనే చిన్నదాన్ని పట్టుకుని "నీవు పిచ్చిదానవు" అన్నారు. అడిగింది వచ్చి గుమ్మంలో నిలబడినా నమ్మలేకపోయినవారి ప్రార్థనకు జవాబు వచ్చింది. విశ్వాసాన్ని తూకం వేసి జవాబు లెక్కకట్టేవారు ఈ అధ్యాయాన్ని ఎలా దాటతారో నాకు అర్థం కాదు. ఆ రోజుల్లో యాకోబు తల్లి యెరూషలేములోనే ఉండి ఉంటే పేతురు విడుదల వార్త ఆమె చెవిన ఎలా పడి ఉంటుందా అని నేను చాలాసార్లు అనుకుంటాను. నువ్విప్పుడు ఆమె పక్కన కూర్చున్నావు.

త్రోఫిము గురించి ఎవరూ ప్రసంగం చెయ్యరు. 2 తిమోతి 4:20లో పౌలు రాస్తున్నాడు: "త్రోఫిము రోగియైనందున అతనిని మిలేతులో విడిచివచ్చితిని." ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళితే రోగాలు పోయాయని చదువుతాం. మిలేతు ఎఫెసుకు దూరం కాదు. ఆ పౌలే, తనతో యెరూషలేముదాకా నడిచిన తోటి పనివాణ్ని జబ్బుతో వదిలి రావలసి వచ్చింది. అతని విశ్వాసం తగ్గిందని ఒక్క ముక్క రాయలేదు. తిమోతికి తరచు వచ్చే బలహీనతలకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన శరీరంలోని ముల్లు కోసం మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును."

ఇది చెబుతున్నప్పుడే ఒక సంగతి గట్టిగా చెప్పాలి. అమ్మగారి డయాలసిస్ ఒక్కటి కూడా మానిపించవద్దు, మందులు ఆపవద్దు. ఆపితేనే విశ్వాసం చూపినట్టని ఎవరైనా అంటే ఆ మాట వినవద్దు. జబ్బుపడిన హిజ్కియా రాజుకు పదిహేను సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాట ఇచ్చాక కూడా, యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు, 2 రాజులు 20:7. వాగ్దానం, వైద్యం ఒకే గదిలో ఉన్నాయి.

శిష్యుడంటే ఎవరన్నావు. మార్కు 1:17లో ప్రభువు జాలరులతో "నా వెంబడి రండి" అన్నాడు. మార్కు 8:33లో పేతురు ఆయన్ను చెయ్యిపట్టుకు పక్కకు తీసుకెళ్లి, శ్రమలు వద్దని గద్దిస్తే, "సాతానా, నా వెనుకకు పొమ్ము" అన్నాడు. తెలుగులో ఒకటి పిలుపులా, ఇంకొకటి తరిమివేతలా వినిపిస్తుంది. గ్రీకులో "నా వెంబడి," "నా వెనుకకు" అన్నవి రెండూ ఒకటే మాట. తరువాతి వచనంలో తన సిలువ ఎత్తుకుని వెంబడించమన్నచోట కూడా అదే. కాబట్టి ఆ కఠినమైన మాటలో కూడా పేతురుకు తన చోటు చూపించడం ఉంది. అతడు ప్రభువు ముందుకొచ్చి దారి చెప్పబోయాడు, మళ్లీ వెనక్కి వచ్చి నడవమని ప్రభువు అన్నాడు. శిష్యుడి చోటు ఆయన వెనుక. వెనుక నడిచేవాడికి ముందున్న దారి అంతా కనబడదు, ముందు నడుస్తున్నవాడి వీపు కనబడుతుంది. నా విశ్వాసం ఎంత అని రోజూ కొలుచుకుంటూ అలిసిపోయావు, తమ్ముడూ. ఆయన వెనుక ఉన్నానా అని అడుగు. అమ్మను వారానికి ఇన్నిసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లి, గంటలకొద్దీ వరండాలో కూర్చుని, తాగే నీళ్లు కొలిచి ఇచ్చి, ఉప్పులేని కూర వండి పెడుతున్న కొడుకు ప్రభువు వెనుక లేడని ఎవరనగలరు? సిలువ మీద ఉండి కూడా ఆయన తన తల్లిని ఒక శిష్యుడికి అప్పగించాడు. ఆ గడియనుండి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. అదీ శిష్యరికమే.

ఇక్కడ మన ఒంగోలు చరిత్రలోని ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ మీద మోకరించి, ఇక్కడికి ఒక సేవకుణ్ని పంపమని ప్రార్థించారు. అప్పటికి తెలుగు బాప్టిస్టు మిషను మొదలై పద్దెనిమిదేళ్లు కావస్తోంది. ఫలం కనబడక, మూసివేద్దామా అని అమెరికాలో ఆలోచించిన పని అది. ఆ మిషను సేవకుడు క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. తరువాత 1876–78 కరువు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి పని ఇప్పించాడు. జనం బాప్తిస్మం అడిగితే మాత్రం కరువు సాయం సాగినన్నాళ్లు ఇవ్వలేదు. రొట్టె కోసం వచ్చారో, ప్రభువు కోసం వచ్చారో తేలాలని ఆగాడు. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను అందరూ గర్వంగా చెబుతారు. నాకు మాత్రం ఆ పన్నెండేళ్లు, ఆ తరువాత సాయం నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మం ఆపిన ఆ నెలలు ఎక్కువ విలువైనవిగా తోస్తాయి.

ఎందుకంటే యోహాను 6లో రొట్టెల కథ కూడా, రొట్టె కోసమా ప్రభువు కోసమా అన్నచోటే తేలింది. మరునాడు కపెర్నహూములో ప్రభువు మాటలు కఠినంగా ఉన్నాయని చాలామంది శిష్యులు వెనుదీశారు. "మీరు కూడా వెళ్లిపోవలెనని యున్నారా?" అని పన్నెండుమందిని అడిగితే పేతురు, "ప్రభువా, యెవనియొద్దకు వెళ్లుదుము? నీవే నిత్యజీవపు మాటలు గలవాడవు" అన్నాడు. మత్తయిని, యోహానును పక్కపక్కన పెట్టి చదువు. ఆ తెల్లవారుజామున నీళ్లలో మునిగి కేక వేసిన మనిషి, బట్టలు ఆరీ ఆరకముందే అన్న మాట అది. నాకు అన్నీ అర్థమయ్యాయి అనలేదు. వెళ్లడానికి ఇంకెవరూ లేరన్నాడు. నువ్వు మూడేళ్లలో చేరుకున్న చోటు కూడా ఇదేనని నాకనిపిస్తోంది. దాన్ని నువ్వు ఓటమి అనుకుంటున్నావు.

ఇప్పుడు చేయగలిగినవి కొన్ని. ప్రార్థనలో మంచి మాటలే మాట్లాడాలని పెట్టుకున్న నియమం తీసెయ్యి. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొర, ఫిర్యాదు, ఏడుపు. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. ఆ తరువాత వెలుగు వచ్చినట్టు ఒక్క వాక్యం కూడా లేదు. అయినా పరిశుద్ధ గ్రంథంలో దానికి చోటుంది. అది మొదలయ్యేది మాత్రం "యెహోవా, నాకు రక్షణకర్తవగు దేవా" అని. ఆయనతోనే ఫిర్యాదు చేస్తున్నంతకాలం నువ్వు ఆయన దగ్గరే ఉన్నట్టు. ఉపవాసాలు కొన్నాళ్లు ఆపు, నీ ఒళ్లు అమ్మకు కావాలి. మార్కు సువార్త పదహారు అధ్యాయాలు, రోజుకు సగం అధ్యాయం చొప్పున, డయాలసిస్ గది బయట కూర్చుని చదువు. ఆ పెద్దమనిషి మీద కోపం పెంచుకోవద్దు. యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా నేలమీద కూర్చుని మంచిపనే చేశారు. సంఘంలో నోరు విప్పకుండా నీతో కూర్చోగలవాళ్లు ఇద్దరు దొరికితే వాళ్లను పట్టుకో.

నీ స్నేహితుడి సంగతి. అతని తల్లి బాగుపడింది, దానికి స్తోత్రం చెప్పగలిగితే చెప్పు, ఈ వారం చెప్పలేకపోతే పై వారం చెప్పు. యోహాను 21లో, అదే సరస్సు ఒడ్డున, ముసలితనంలో నువ్వు చేతులు చాస్తావు, వేరొకడు నీ నడుము కట్టి నీకిష్టంకాని చోటికి మోసుకుపోతాడని ప్రభువు పేతురుతో చెప్పాడు. వెంటనే పేతురు వెనక్కి తిరిగి యోహానును చూసి, "ప్రభువా, యితని సంగతి ఏమగును?" అని అడిగాడు. మూడుసార్లు ప్రేమిస్తున్నానని చెప్పి అరగంట కూడా కాలేదు, అప్పుడే పక్కవాడి వైపు చూశాడు. ప్రభువు కోప్పడలేదు. "అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము" అన్నాడు. పేతురుకు యోహాను సంగతి చెప్పలేదు, తన సంగతీ అంతకు మించి చెప్పలేదు. తన వెనుకే నడవమన్నాడు. అప్పటికి ఆ ఒడ్డున నిప్పుల మీద చేపలు, రొట్టె ఉన్నాయి. ఆయన స్వయంగా వడ్డించాడు.

మళ్లీ డయాలసిస్ అయిన రోజు ఈ అధ్యాయం అమ్మగారికి గట్టిగా చదివి వినిపించు. ఆ రోజు ఆమె అలసిపోయి ఉంటారు, 14వ వచనం దగ్గర ఆపినా చాలు. మా బుధవారపు ప్రార్థనలో డయాలసిస్‌లో ఉన్న ఒక తల్లి, ఆమె కొడుకు అని చెబుతాను, పేర్లు అక్కర్లేదు. నెల గడిచాక ఎలా ఉన్నారో ఇక్కడే రాయి. బాగోలేకపోయినా రాయి.